పెరటి చెట్టు.. చాక్లెట్టు!

కొబ్బరికాయ కొట్టని వంటిల్లు కోనసీమలో ఉండదు. ఆ కొబ్బరి నీడలోనే చాక్లెట్టు కూడా కాస్తోందని మాత్రం పండక్కి ఊరొచ్చిన మనవలకు తెలియదు. ఒక్కోసారి బామ్మలకీ తెలియదు. ఈ సంక్రాంతి సెలవుల్లో మూడు కాయలు కోసి, నాలుగు గ్లాసులు కాచుకుంటే..!

* * *

భోగికి ఇంకా రెండు రోజులుంది. తెల్లవారుజాము అయిదున్నర. రావులపాలెం మీదుగా వచ్చే బస్సులు మంచులో దీపాలు వేసుకుని, కాలవ గట్ల వంపులు తిరుగుతూ అమలాపురం చేరుతుంటాయి. దిగేవాళ్లలో సగానికి పైగా హైదరాబాదు, బెంగళూరు ఉద్యోగాల వాళ్లే. చంకలో నిద్రమొహం పిల్లాడు, చేతిలో చక్రాల పెట్టె. ‘ఆయ్.. ఏం చలండీ బాబూ ఈ ఏడు!’ అంటూ ఆటో అబ్బాయి మఫ్లరు సర్దుకుంటాడు. నిజానికి అది ఇరవై డిగ్రీలకు కాస్త అటూ ఇటూ. దిల్లీ వాళ్లు వింటే నవ్విపోతారు. అయితేనేం, గౌతమికీ వసిష్ఠకూ మధ్య, నడుమ వైనతేయ పాయతో, ఊరికో కాలవా ఇంటికో చెరువూ ఉన్న నేల ఇది. ఇక్కడి చలి ఒంటిని కొరకదు, తడిపేస్తుంది. మంకీ క్యాపు పెట్టుకోని తాతయ్య ఆ నెలంతా కనబడడు.

ఇంటికి చేరాక మామ్మ ముందు అడిగేది ఒకటే. ‘ఏం తాగుతావురా నాన్నా? పాలా, బూస్టా?’

మనవడి సమాధానమూ ఈమధ్య ఒకటే. ‘హాట్ చాక్లెట్!’

హైదరాబాదులో వాళ్ల నాన్న శనివారం సాయంత్రాల్లో కాఫీ షాపుకు తీసుకెళ్లి ఇప్పిస్తాడది. రెండొందలో, అంతకు పైనో బిల్లు. మామ్మకు ఆ సంగతి తెలియదు. ‘చాక్లెట్టు వేడి చేసుకు తాగడవేంట్రా, చోద్యం కాకపోతే’ అంటూ నవ్వుతుంది. ఆవిడ కూర్చున్న వీధి అరుగు నుంచి ఇరవై అడుగులు వేస్తే కొబ్బరి తోట. అందులో పసుప్పచ్చగా పండి, చెట్టు మానుకు అతుక్కుని వేలాడుతున్నాయి ఆ చాక్లెట్టు తాలూకు కాయలు!

అంబాజీపేట, ముమ్మిడివరం, కొత్తపేట, రాజోలు.. కోకో అంతరపంటగా ఉన్న తోటలు ఈ చుట్టుపక్కల ఎన్నో. కాయ కాస్తుంది, గింజ ఎండుతుంది, బస్తా లారీ ఎక్కుతుంది. ఆ తరవాత ఏమవుతుందో చూసిన ఇళ్లు తక్కువే.

మానుకే కాయ

కోకో చెట్టును మొదటిసారి చూసినవాళ్లు కాసేపు దాని చుట్టూ తిరుగుతారు. కాయలు కొమ్మ చివర ఉండవు. పనసలా, మేడిలా మానుకే కాస్తుంది. ముందు ఆ మాను మీద చిటికెన వేలి గోరంత తెల్లటి పూలు పూస్తాయి. వాటి మీద వాలి పుప్పొడి మోసేది తేనెటీగ కూడా కాదు. కంటికి సరిగా ఆననంత చిన్న ఈగ. కింద కుళ్లిన ఆకుల్లోనే అది గుడ్లు పెట్టి పెరుగుతుంది. అందుకే కోకో తోటను మరీ శుభ్రంగా ఊడిచేసే రైతుకు కాయ తగ్గుతుందంటారు. (ఆ ఎండాకుల దుప్పటి కింద పాములుంటాయేమోనన్న భయమూ ఉంది. కర్ర తాటించందే లోపలికి అడుగు పెట్టరు!)

పూవు కాయై పండడానికి అయిదారు నెలలు. ఏడాది పొడుగునా కాస్తూనే ఉన్నా రెండు జోరులుంటాయి. ఒకటి వేసవిలో, ఇంకొకటి దసరా వెళ్లాక మొదలై సంక్రాంతి దాకా. అంటే పండగ సెలవులకు కోకో కూడా చేతికొస్తుందన్నమాట. ఆకుపచ్చ కాయ పసుపు రంగుకు తిరిగితే కోతకొచ్చినట్టు. లాగకూడదు, మెలిపెట్టకూడదు, కత్తితో తొడిమ కొయ్యాలి. ఎందుకంటే వచ్చే ఏడు పూవు మళ్లీ ఆ కణుపు దగ్గరే పూస్తుంది. అక్కడి బెరడు చీరుకుపోతే ఆ చోటు ఇక గొడ్డుపోయినట్టే.

కాయను మొద్దు కర్రతో ఓ దెబ్బ వేస్తే రెండు చెక్కలవుతుంది. లోపల తెల్లటి గుజ్జు కప్పుకున్న గింజలు, ముప్ఫయి నుంచి నలభై అయిదు దాకా, వరసగా అంటుకుని ఉంటాయి. ఒకటి తీసి నోట్లో వేసుకుంటే సీతాఫలమూ నిమ్మరసమూ కలిసినట్టు తీపీ పులుపూ. పిల్లలకు అదే ఇష్టం. ఉడతలకు ఇంకా ఇష్టం. పండిన కాయకు చిల్లు పెట్టి గుజ్జు చప్పరించి గింజలు కింద పారేస్తాయి. ఎలుకలూ తక్కువ తినవు. అంత తీపి గుజ్జులో ఉన్న గింజను కొరికితే మాత్రం వగరు, చేదు. చాక్లెట్టు వాసన మచ్చుకైనా ఉండదు!

అమెజాన్ నుంచి అంబాజీపేటకు

ఈ చెట్టు పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని అమెజాన్ అడవులు. మెక్సికో ప్రాంతపు పాతకాలం జనాలు, మాయాలూ అజ్‌టెక్కులూ, దీన్ని బిళ్లలుగా తినలేదు. తాగారు. చక్కెర లేదు, పాలు లేవు. గింజను వేయించి రాతి మీద నూరి, నీళ్లలో కలిపి, అందులో మిరపకాయ కూడా వేసి, ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి ఎత్తునుంచి పోసి నురగ తెప్పించి పుచ్చుకునేవారు. స్పెయిన్ వాళ్లు దాన్ని ఐరోపాకు పట్టుకెళ్లి పంచదార చేర్చారు. 1753లో లినేయస్ అనే స్వీడన్ శాస్త్రవేత్త ఈ చెట్టుకు పెట్టిన పేరు ‘థియోబ్రోమా’. దేవతల ఆహారమని అర్థం. 1828లో హాలెండులో వాన్ హూటెన్ కుటుంబం గింజలోంచి వెన్నను పిండి తీసే యంత్రాన్ని పేటెంటు చేసుకుంది. మిగిలిన పిప్పిని పొడి చేస్తే వచ్చిందే కోకో పౌడరు. మనం తినే చాక్లెట్టు బిళ్ల ఆ తరవాతిది. చరిత్రలో తాగే చాక్లెట్టే అక్క, తినేది చెల్లెలు.

మన దేశానికి కోకో మొక్క 1798లో తమిళనాడులోని కుర్తాళానికి వచ్చిందంటారు. పంటగా నిలబడింది మాత్రం 1960ల తరవాత, కేరళ కొండల్లో. క్యాడ్‌బరీ కంపెనీ 1965లో వయనాడులో సాగు మొదలుపెట్టింది. అక్కడి నుంచి కర్ణాటక దాటి గోదావరి జిల్లాలకు చేరి ఊపందుకున్నది 1990ల తరవాత. ఆలస్యంగా వచ్చినా అందరినీ దాటేసింది. కోకోలో ఇవాళ దేశంలోకెల్లా ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. అందులో సింహభాగం పశ్చిమగోదావరి, ఏలూరు వైపుది. కోనసీమ వాటా దాని పక్కన చిన్నదే.

కోనసీమ రైతు కోకో వైపు చూడటానికి కారణం చాక్లెట్టు మీద ప్రేమ కాదు, కొబ్బరి మీద బెంగ. 1996 నవంబరు 6 రాత్రి గుర్తున్నవాళ్లు ఇంకా ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ఆ తుపాను లక్షల కొబ్బరి చెట్లను ఒక్క రాత్రిలో నేలకూల్చింది. మళ్లీ నాటిన మొక్క కాపుకొచ్చేదాకా ఇల్లు గడవాలి. చెట్టు నిలబడితే ధర నిలబడదు. ధర ఉంటే నల్లి తగులుతుంది, నల్లి పోతే తెల్లదోమ వస్తుంది. దింపు కూలి ఏటేటా పెరుగుతుంది. పాతికడుగుల ఎడంలో నాటిన కొబ్బరి వరసల మధ్య నేల ఖాళీగానే ఉంటుంది కదా! అక్కడ నీడలో బతికే చెట్టు కావాలి. కోకోకు నీడే కావాలి. మూడో ఏట నుంచి నాలుగు డబ్బులూ వస్తాయి, రాలిన ఆకు కొబ్బరికి ఎరువూ అవుతుంది. ఇంతకన్నా మంచి తోడు కొబ్బరికి ఏం దొరుకుతుంది?

గింజ వెళ్తుంది.. బిళ్ల వస్తుంది

రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి వైపు వెళ్తే ఇంకో కథ. ఆ ఊళ్లలో కువైట్‌కో మస్కట్‌కో దుబాయ్‌కో ఎవరో ఒకరు వెళ్లని వీధి కనబడటం కష్టం. ఇళ్లల్లో పనికి వెళ్లే ఆడవాళ్లే ఎక్కువ. రెండేళ్లకోసారి సెలవు దొరికితే, అదీ సంక్రాంతికి దొరికితే అదృష్టం. తాళ్లతో బిగించి కట్టిన అట్టపెట్టెల్లో దుప్పట్లు, సబ్బులు, పాలపొడి డబ్బాలు, వాటి సందుల్లో చాక్లెట్ పొట్లాలు. అమ్మ వస్తోందంటే పిల్లలకు ముందు గుర్తొచ్చేది ఆ పొట్లాలే. వీధి వీధంతా పంచుతారు. పంచేటప్పుడు ‘కువైట్ చాక్లెట్టు’ అంటారు.

కువైట్‌లో కోకో కాయదు. ఐవరీకోస్ట్‌లోనో ఘనాలోనో కాసిన గింజ ఐరోపాలో బిళ్లై, గల్ఫ్ అంగడిలో కొనబడి, అమ్మ పెట్టెలో రాజోలు చేరుతుంది. ప్రపంచపు కోకోలో సగానికి మించి ఆ రెండు దేశాలదే. అక్కడి రైతుల్లో చాక్లెట్టు రుచి ఎరగనివాళ్లు ఎందరో ఉన్నారని పేపర్లలో చదివి ‘అయ్యో’ అనుకుంటాం. ఇక్కడ పెరట్లో కాయ వేలాడుతున్న ఇంట్లో పిల్లాడు విమానమెక్కి వచ్చిన బిళ్ల కోసం గుమ్మంలో కాచుకుంటాడు. ఆ అమ్మ పండగ అయ్యాక మళ్లీ వెళ్లిపోతుంది. ఉన్న పది పదిహేను రోజుల్లో ఏ పొద్దుటో పిల్లలతో కలిసి కాయ కోసి, గింజ వేయించి, కాచి తాగించే పనొకటి ఉంటే, అది పొట్లంలో దొరికేది కాదు.

ఇంతకీ ఎలా కాచాలి? చెప్పినంత తేలిక కాదు, భయపడేంత కష్టమూ కాదు.

అరటాకు కింద అయిదారు రోజులు

అసలు కిటుకంతా పులియబెట్టడంలో ఉంది. కాయలోంచి తీసిన గింజలను గుజ్జుతో సహా అరటాకులు పరిచిన బుట్టలోనో చెక్క పెట్టెలోనో పోసి, పైన మళ్లీ అరటాకులు కప్పి, గోనె మూస్తారు. కల్లు పులిసినట్టే ఇదీ పులుస్తుంది. మొదటి రెండు రోజులూ గుజ్జులోని తీపి సారాగా మారి కారిపోతుంది. తరవాత అది పుల్లబడుతుంది. లోపల వేడి 45, 50 డిగ్రీల దాకా ఎక్కుతుంది. చెయ్యి పెడితే చురుక్కుమంటుంది! రెండు రోజులకోసారి కిందివి పైకి, పైవి కిందికి తిరగేయాలి. ఆ వేడికీ పులుపుకీ గింజలోని మొలక చచ్చి, ఊదారంగు పప్పు గోధుమరంగుకు తిరుగుతుంది. చాక్లెట్టు వాసనకు పునాది పడేది అప్పుడే. అయిదారు రోజుల తరవాత తీసి, ఎండలో వారం రోజులు ఎండబెడతారు. గుప్పెట్లో పట్టి నలిపితే ఎండుటాకులా కరకరమనాలి.

ఇక్కడో చిక్కుంది. ఈ పులిసే వేడి పుట్టాలంటే కుప్ప పెద్దది కావాలి. మూడు కాయల గింజలను గిన్నెలో పెట్టి మూత వేస్తే బూజు పడుతుంది తప్ప వేడెక్కదు. పులియబెట్టకుండా ఊరికే ఎండేస్తే ఎంత వేయించినా చేదే. కాబట్టి పండక్కొచ్చినవాళ్లు చెయ్యగల తెలివైన పని ఒకటే. మన మూడు కాయలూ కొట్టి గుజ్జు పిల్లలకు రుచి చూపించి, గింజలను తోట కుప్పలో కలిపేయడం. దానికి బదులు అమ్మకానికి ఆరిన బస్తాలోంచి రెండు దోసిళ్లు తెచ్చుకోవడం. మూడు కాయలకు దాదాపు వంద గ్రాముల ఎండు గింజ లెక్క. పచ్చిగింజే అమ్మేసుకునే రైతులు పక్క తోటవాళ్లను అడగాల్సిందే. కోనసీమలో గుప్పెడు గింజలడిగితే లేదనేవాళ్లు ఉండరు. పైగా ‘ఎందుకండీ?’ అని వెనకే వస్తారు.

తీసుకొచ్చిన గింజల్లోంచి బూజు పట్టినవి, తప్పలు ఏరేయండి. మందపాటి మూకుడులో, సన్నటి సెగ మీద వేరుసెనగ వేయించినట్టు కలుపుతూ ఉండాలి. పావుగంట దాటాక చిటపటమంటాయి. ముందు వెనిగర్‌లా ఘాటు వాసన, తరవాత కాల్చిన రొట్టె వాసన, ఆ తరవాత.. వంటింట్లోంచి వీధి గుమ్మం దాకా చాక్లెట్టు! మొత్తం ఇరవై, పాతిక నిమిషాల పని. తొందరపడి మంట పెంచితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. చల్లారాక వేళ్లతో నలిపితే తొక్క విడిపోతుంది. దాన్ని చేటలో పోసి చెరగడం మామ్మకే అప్పజెప్పాలి. నగరం కోడలు చెరిగితే తొక్కతో పాటు పప్పూ పోతుంది. వంద గ్రాముల గింజకు ముప్పావు వంతు పప్పు మిగిలితే చెరిగిన చెయ్యి మంచిదే.

ఇప్పుడు రోలు. రోటిని, పొత్రాన్ని ముందుగా వేడినీళ్లతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, కాసేపు ఎండలో వదలండి. తడి చుక్క తగిలితే ముద్ద గట్టిపడి మొరాయిస్తుంది. చల్లటి రాయి మీదా అంతే. పప్పులో సగం వెన్నే. అది మన ఒంటి వేడికి కాస్త ఇటుగానే కరుగుతుంది. నూరుతుంటే మొదట పొడి, తరవాత తడిపొడి, అరగంటకు నల్లటి నిగనిగల ముద్ద. చుక్క నూనె వెయ్యకుండానే రోలు నూనె పూసుకున్నట్టవుతుంది. పిల్లలు నోరు తెరుచుకుని చూసేది ఇక్కడే. ఓపిక లేనివాళ్లకు మిక్సీ ఉండనే ఉంది. తిప్పుతూ ఆపుతూ, జారు పక్కలు గీరుతూ ఉంటే పది నిమిషాల్లో ముద్దవుతుంది. కొంచెం పలుకుగా ఉన్నా నష్టం లేదు, కాచేటప్పుడు సర్దుకుంటుంది.

సరదా సంగతి ఒకటి చెప్పుకోవాలి. అమెరికాలో ఇంటి పట్టున, చిన్న చిన్న కొట్లలో చాక్లెట్టు చేసేవాళ్లలో చాలామంది వాడే యంత్రం ఏమిటో తెలుసా? మన ఇడ్లీ పిండి రుబ్బే గ్రైండరే! కోయంబత్తూరులో తయారయ్యే ఆ రాతి గ్రైండర్లను కాస్త మార్చి, కోకో పప్పు పోసి రెండేసి రోజులు ఏకధాటిగా తిప్పుతారు. అమలాపురంలో గ్రైండరున్న ప్రతి ఇల్లూ సగం చాక్లెట్ ఫ్యాక్టరీయే అన్నమాట. (మామూలు గ్రైండరును మాత్రం రెండు రోజులు తిప్పకండి, మోటారు కాలుతుంది.)

అరిసెల పాకం రెండు గరిటెలు

నలుగురికి ముప్పావు లీటరు గేదె పాలు పొయ్యి మీద పెట్టండి. పాలు కాగేలోగా నూరిన ముద్దను గిన్నెలో వేసి, గరిటెడు వేడిపాలు పోస్తూ ఉండకట్టకుండా కలపండి. ఒకేసారి పాలల్లో వేస్తే ముద్ద అడుక్కి, వెన్న పైకి చేరి మొహం చాటేసుకుంటాయి. చిక్కదనం కావాలంటే పండగ ఇంట్లో వెతుక్కోనక్కర్లేదు. అరిసెలకు కొట్టిన తడి బియ్యప్పిండి రెండు చెంచాలు, చల్లటి పాలల్లో కలిపి పొయ్యండి. మెక్సికోలో ఇప్పటికీ ఇదే పని మొక్కజొన్న పిండితో చేస్తారు. సన్న సెగ మీద పది నిమిషాలు, గరిటె ఆపకుండా. చిటికెడు ఉప్పు, రెండు ఏలకులు, నాలుగు మిరియాలు దంచి వేయండి. మిరియం ఎందుకంటారా? చలికి గొంతులో కాస్త గరగర తగ్గుతుంది. చాక్లెట్టుకూ ఘాటు కొత్త కాదు, దాని తొలి చుట్టం మిరపకాయే.

తీపి విషయంలో జాగ్రత్త. కాగుతున్న పాలల్లో బెల్లం వేస్తే విరిగిపోతాయని పరమాన్నం వండే ఇల్లాళ్లకు చెప్పక్కర్లేదు. పొయ్యి కట్టేసి, రెండు నిమిషాలు ఆగాక, కరిగించి వడగట్టిన బెల్లం, వంద గ్రాములకు తక్కువ కాకుండా, పొయ్యాలి. అరిసెలకు పాకం పట్టే రోజైతే అందులోంచి రెండు గరిటెలు లేత పాకం పక్కకు తీసుకుంటే సరి. చివరగా చిన్న కప్పు చిక్కటి కొబ్బరిపాలు, మొదటి పిండుడువి. వీటినీ మరగనివ్వకూడదు, విడిపోతాయి. కొబ్బరీ కోకో ఒకే మడిలో ఒకే నీళ్లు తాగి పెరిగినవి. గిన్నెలో కలిస్తే పేచీ పడవు.

నురగ కావాలి. దానికి కవ్వం తీయండి. స్పెయిన్ వాళ్లు మెక్సికోలో చాక్లెట్టు చిలకడానికి రెండు అరచేతుల మధ్య తిప్పే చెక్క కవ్వాన్నే వాడారు, ఇప్పటికీ అక్కడి బజార్లలో అమ్ముతారు. మజ్జిగ కవ్వానికి అది వరసకు పిన్ని కూతురు. కవ్వం లేకపోతే కోనసీమ టీ కొట్టు విద్య ఎలాగూ ఉంది. రెండు స్టీలు గ్లాసులు, చేతి బారెడు ఎత్తు. పైనుంచి కిందికి నాలుగుసార్లు తిరగ్గొడితే పైన రెండంగుళాల నురగ. అజ్‌టెక్కులు చేసిందీ ఇదే.

పొడవాటి పింగాణీ కప్పులు అక్కర్లేదు. చిన్న గ్లాసులు చాలు. ఇది కడుపు నిండే సరుకు, రెండు గ్లాసులు తాగిన పిల్లాడు ఇడ్లీ ముట్టడు. చేదు ఎక్కువైందని మొహం పెడితే ఇంకాస్త పాకం. షుగరున్న తాతయ్యకు బెల్లం లేకుండా, కొబ్బరిపాలతో సగం గ్లాసు. గుమ్మంలో తోకాడించే కుక్కకు మాత్రం చుక్క కూడా పెట్టకండి. చాక్లెట్టు వాటికి విషం.

తోట లేనివాళ్లకూ దారుంది. బజార్లో ‘డ్రింకింగ్ చాక్లెట్’ అని అమ్మే డబ్బాల వెనక అక్షరాలు చదివితే చాలావాటిలో మొదటి పేరు చక్కెరదే. ‘కోకో పౌడరు’ అని విడిగా దొరుకుతుంది, తీపి లేనిది. గ్లాసుకు రెండు చెంచాలు, వెన్న తీసేసిన పొడి కాబట్టి కొబ్బరిపాలు కాస్త ఎక్కువ. మిగతాదంతా పైన చెప్పినట్టే.

ఒక గ్లాసు ఖరీదు

వంద గ్రాముల ఎండు గింజకు నాలుగు గ్లాసులు. మరి వంద గ్రాముల ఖరీదెంత? ఈ ప్రశ్నకు తోట యజమాని కాసేపు మౌనంగా ఉండి నవ్వుతాడు.

ఏళ్ల తరబడి కిలో రెండొందల చుట్టూ తిరిగిన గింజ ఇది. 2023, 24ల్లో ఐవరీకోస్టు, ఘనాల్లో వాతావరణం తిరగబడి, తెగుళ్లు పట్టి పంట పడిపోయింది. న్యూయార్కులో టన్ను పదివేల డాలర్లు దాటింది. 2024 డిసెంబరులో పన్నెండు వేలూ దాటింది. 2024లో గోదావరి జిల్లాల్లో కిలో వెయ్యి రూపాయల దాకా పలికింది. అప్పటిదాకా కొబ్బరి చాటున ఉన్న చెట్టు ఒక్కసారి ఇంటి పెద్దకొడుకైంది. మొక్కలు కొత్తగా నాటారు. కౌలు ధరలు కదిలాయి. రాత్రిళ్లు కాయల దొంగతనాల భయమూ మొదలైంది. మరుసటేడు 2025లో ధర అందులో సగానికి దిగిపోయింది. కంపెనీలు కొనడం లేదని, సాకులు చెబుతున్నాయని ఏలూరు వైపు రైతులు రోడ్డెక్కారు. చివరికి రాష్ట్ర ప్రభుత్వం కిలోకు 50 రూపాయలు తన వైపు నుంచి కలుపుతానంది. పిడికెడు కంపెనీలు కొనే సరుకు, ఇంట్లో వండుకోవడం తెలియని సరుకు. కొనేవాడు తల తిప్పుకుంటే రైతు ఏం చెయ్యాలి? కొబ్బరికి ధర లేకపోతే నూనె ఆడించుకుంటాడు, కురిడీ పెట్టుకుంటాడు, లౌజు చేసుకుంటాడు. కోకోకు ఆ ఆసరా లేదు.

కొద్దికొద్దిగా మార్పు కనబడుతోంది. 2023లో హైదరాబాద్ బంజారాహిల్స్‌లో తెరిచిన ‘మనం చాక్లెట్’ వాళ్లు పశ్చిమగోదావరి ప్రాంతపు గింజతోనే బిళ్లలు చేస్తూ, రైతు పేరూ ఊరి పేరూ చెప్పి అమ్ముతున్నారు. అమెరికా పత్రిక ‘టైమ్’ 2024లో ప్రపంచంలో చూడదగ్గ గొప్ప చోట్ల జాబితాలో ఆ దుకాణాన్ని చేర్చింది. ఇటు కోనసీమలో, 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆత్రేయపురం పూతరేకుల్లో చాక్లెట్ పొడి చల్లినవీ అమ్ముడవుతున్నాయి. ఆ పొడి బయటి నుంచి వచ్చే డబ్బాలోది కాక అంబాజీపేట తోటలోదైతే ఎలా ఉంటుందో ఏ రేకుల తయారీ అక్కగారైనా ఒక్కసారి చుట్టి చూడాలి.

కిలో అయిదొందల లెక్కన చూస్తే నలుగురికి కాచిన గింజ యాభై రూపాయలది. పాలు, బెల్లం కలిపినా కాఫీ షాపులో ఒక్క కప్పు డబ్బు కాదు. రైతుకు ఈ లెక్క పెద్దగా ఉపకరించదు, నిజమే. ఇల్లు తాగే గింజ బస్తాలో మూలకైనా రాదు. కాకపోతే పులియబెట్టడం సరిగా కుదిరిందో లేదో కంపెనీ మనిషి గింజ కోసి చూసి చెప్పేదాకా ఆగక్కర్లేదు. తన నాలుకే చెబుతుంది. పుల్లగా ఉంటే ఎండటం తొందరైంది. వగరుగా ఉంటే పెట్టెలో ఇంకో రోజు ఉంచాల్సింది. ధర తగ్గిస్తూ ‘నాణ్యత లేదండీ’ అన్నవాడికి అప్పుడు జవాబు ఉంటుంది.

కనుమ పొద్దున

కనుమనాడు కోనసీమలో ఎవరి కాళ్లూ ఇంట్లో నిలవవు. మొసలపల్లి దగ్గర జగ్గన్నతోటకు పదకొండు ఊళ్ల రుద్రుల ప్రభలు బయల్దేరతాయి. పొలాలకు అడ్డంపడి, గుండెల్లోతు నీళ్లున్న కాలవలోకి దిగి, భుజాల మీద ప్రభను తడవకుండా దాటించే కుర్రాళ్లను చూడటానికి ఎక్కడెక్కడి వాళ్లో వస్తారు. 2023 రిపబ్లిక్ డే నాడు దిల్లీలో మన రాష్ట్ర శకటం ఈ తీర్థాన్నే చూపించింది. ఆ పొద్దున ఆరు గంటలకు మంచు పట్టిన తోట గట్టున, జీళ్లూ ఖర్జూరాల కొట్ల పక్కన, ఇంటినుంచి ఫ్లాస్కులో తెచ్చిన చాక్లెట్టు మూత తీస్తే పొగలు.. పక్కన కూర్చున్నవాళ్లు తల తిప్పి చూడటం ఖాయం.

ఇంట్లో ఉండిపోయిన మామ్మ మొదటి గుక్క తాగి కాసేపు ఏమీ అనదు. తరవాత గ్లాసు కిందపెట్టి అడుగుతుంది. ‘ఇదేనా, ఆ బస్తాల్లో పోసి పంపేస్తున్నది?’

పండగ వెళ్లాక మళ్లీ అవే పెట్టెలు, అదే ఆటో. అరిసెల డబ్బా, జంతికల డబ్బా, ఆవకాయ సీసా సర్దాక మూల కొంచెం చోటు మిగులుతుంది. అందులోకి నిమ్మకాయంత నల్లటి ముద్దలు ఆరు, వెన్న కాగితంలో చుట్టి, స్టీలు డబ్బాలో. హైదరాబాదుకైనా కువైట్‌కైనా చెడకుండా చేరతాయి. ‘పాలు కాగాక వెయ్యి, బెల్లం మాత్రం దించాకే’ అని గుమ్మంలో నుంచుని మామ్మ రెండోసారి చెబుతుంది. వెనక తోటలో దింపు మనిషి అప్పటికే వచ్చేశాడు. కొబ్బరి అయ్యాక కోకో కొయ్యాలి. పసుపుకు తిరిగిన కాయలు ఇంకో పది రోజులు ఆగవు.